మిక్‌మాకు నాయకుని సంధిపత్రము

1749వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీ. ఉత్తర అమెరికా తూర్పుతీరమున, నేడు కెనడాలో నోవాస్కోషియా రాష్ట్రమని పిలువబడు సీమలో, చెబుక్టో రేవునందు నిలిచియున్న యొక యోడపై ఆంగ్లేయ గవర్నరు ఎడ్వర్డు కారన్వాలీసు తన యాలోచనసభను సమావేశపరచెను. రమారమి రెండువేల యైదువందల వలసజనులను వెంటగొని యాతడా తీరమున దిగి మూడు మాసములు దాటినది. హాలిఫాక్సు పట్టణమునకై చెట్లు నరకుచుండిరి. ఆ నేల తమదని, తమ సమ్మతి లేక యచట కోట కట్టుట సహింపమని మిక్‌మాకు జాతివారు లేఖమూలమున దెలిపియుండిరి. ముందుదినముననే ఱంపపుమిల్లు కడ పనివారు కొందఱు వారిచే హతులైరి. సభ్యుల యెదుటనున్న ప్రశ్న యొక్కటి: వీరిపై యుద్ధము ప్రకటింపవలయునా?

ప్రకటింపరాదని సభవారు తీర్మానించిరి. కారణము వినదగినది. యుద్ధము ప్రకటించితిమేని వారొక స్వతంత్రజాతియని మనమే యొప్పుకొన్నట్లగును. కావున వారిని దారిదోపిడిగాండ్రుగను రాజద్రోహులుగను మాత్రమే చూడవలయునని వారి తర్కము. ఆ తర్కమును వెన్నంటి యొక ప్రకటన వెలువడెను. మిక్‌మాకును పట్టి తెచ్చినను, చంపి నెత్తిచర్మము తెచ్చినను తలకు పది గినీల బహుమానము! మరుసటి యేట నది యేబది గినీలైనది.

కారన్వాలీసను పేరు మన పాఠకుల చెవికి క్రొత్తది కాదు. 1793లో బంగాళమున జమీందారీ శాశ్వత శిస్తు నిర్ణయమును నెలకొల్పిన గవర్నరు జనరలు కారన్వాలీసు ప్రభువునకు ఈ ఎడ్వర్డు పినతండ్రి. ఆ నిర్ణయమే 1802 మొదలుకొని మన యుత్తర సర్కారులకును దిగుమతి యయ్యెను. ఒక్క యింటివారు రెండు ఖండములలో పరులనేలను గూర్చి తీర్మానములు చేసిరి. ఒకచోట దున్నువానిని గాని, మఱియొకచోట వేటాడువానిని గాని యడిగినవారు లేరు. ఇది ప్రసక్తానుప్రసక్తము; ప్రకృతమునకు వత్తము.

మూడేండ్లు గడచినవి. 1752 సెప్టెంబరు 14వ తేదీన, అనగా బ్రిటిషు రాజ్యమంతట పాత పంచాంగము విడిచి క్రొత్త పంచాంగము నారంభించిన దినముననే, అదే హాలిఫాక్సులో, అదే యాలోచనసభ యెదుటికి ఆ ‘దోపిడిగాండ్ర’ నాయకుడొకడు వచ్చి సంధిమాట యెత్తెను. నీ కోరిక యేమని సభవా రడిగిరి. ఆంగ్లేయులు నివాసమేర్పఱచుకొన్న నేలకు మావారికి వెల చెల్లింపవలయునని యాతడు చెప్పెను. ప్రాణభిక్ష యడుగలేదు, క్షమాపణ వేడలేదు. నేల కొన్నవాడు వెల చెల్లించుట లోకాచారము. ఆ యాచారమును పాటింపుడనెను.

ఆ పురుషుని పేరు జాన్ బాప్తీస్తు కోపు. ఆంగ్లేయుల కాగితములలో ‘మేజరు కోపు’ అనియు గానవచ్చును. ఆతడు చేసిన సంధి యాఱుమాసములైనను నిండుగా నిలువలేదు. అందుచే నాతనిని గూర్చి రెండు తీర్పులు వాడుకలో నున్నవి: నమ్మించి మోసగించిన యనాగరకుడని యొకటి, శత్రువు కాగితమును నమ్మి మోసపోయిన యమాయకుడని మఱియొకటి. ఈ రెండును సులభమైన తీర్పులు. రెండును తప్పని మా యభిప్రాయము. మిక్‌మాకులను జాతిగా నొప్పుకొనరాదని తీర్మానించిన సభచేతనే ఆ జాతితో సంధిపత్రము వ్రాయించి, రాజముద్ర వేయించిన కార్య మాతనిది. ఆ కార్యము విలువ లోకమునకు దెలియుటకు రెండువందల ముప్పదిమూడేండ్లు పట్టెను.

మిక్‌మాకులు తమ దేశమును మిక్‌మాకీ యందురు. నోవాస్కోషియా, ప్రిన్సు ఎడ్వర్డు ద్వీపము, న్యూ బ్రన్స్విక్కులో పెద్దభాగము, గాస్పే ద్వీపకల్పము అందులో జేరును. వేసవిలో సముద్రతీరమున చేపలు, చలికాలమున లోపలి యడవులలో వేట: ఋతువుననుసరించి నడచిన జీవితము వారిది. దేశ మేడు మండలములు. ఒక్కొక్క సమూహమునకు నాయకుడుండును. ఆతనిని సకమావు అందురు. సకమావు ఆజ్ఞాపించువాడు కాడు, ఒప్పించువాడు. ఆతని వెంట సిపాయిలు లేరు, చెఱసాల లేదు. మాట వినుటయు మానుటయు జనుల వశము. కోపు షుబెనకాడీ నదీప్రాంతపు సకమావు. ఆతడు సంతకము చేసినంతమాత్రమున ఏడు మండలములును కట్టువడునని యెవ్వరు తలచినను అది యా సమాజమును దెలియకపోవుటయే. ఇచట నొకని ముద్ర పడినచో దేశమంతయు చేతికి వచ్చునని తలచుట ఐరోపా రాజుల యలవాటు.

ఆ యలవాటునకు ఫలము మిక్‌మాకులు ముందే యనుభవించియుండిరి. 1713లో యూట్రెక్టు సంధియందు ఫ్రాన్సు రాజు అకాడియాను ఇంగ్లండు రాణికి ధారపోసెను. సంధి జరిగిన మందిరమున మిక్‌మాకు లేడు. తనది కాని దానిని ఒకరాజు మఱియొకరాణి కిచ్చెను; ఉన్నవారికి వార్త పిమ్మట దెలిసెను. తరువాత 1725లో బోస్టనునందు కుదిరి 1726లో అన్నాపొలిసు రాయలున స్థిరపరుపబడిన సంధి యొకటి గలదు. ఆంగ్లభాషలోని యా పత్రమున రాజాధికారమున కొడంబడిక యున్నది. మిక్‌మాకులు మాత్రము దానిని స్నేహపుకట్టుగా గ్రహించిరని చరిత్రకారులు పలువురు చెప్పుదురు. భాష యొకరిది, అర్థము మఱియొకరిది. సంధిపత్రములలోని తగవులలో సగము ఇచటనే పుట్టును.

కోపు 1698 ప్రాంతమున పోర్టురాయలులో జన్మించెను. సభ యెదుటికి వచ్చునప్పటికి ఏబది దాటిన వయస్సు. బాప్తిస్మము పొందిన పేరు, ఫ్రెంచివారితో తరతరముల పొత్తు. షుబెనకాడీలో 1738 మొదలు ఫ్రెంచి మతాచార్యుడు లె లూట్రు నెలకొని, హాలిఫాక్సు స్థాపింపబడిన పిదప ఆంగ్లేయులపై పోరాటమునకు ప్రోత్సాహ మిచ్చుచుండెను. కేప్ బ్రెటను ద్వీపమందలి లూయీబుర్గు కోటనుండి తుపాకిమందు, బట్టలు, పిండి బహుమానములుగా వచ్చుచుండెను. ఆంగ్లేయులు మిక్‌మాకు నెత్తికి వెలకట్టగా ఫ్రెంచివారు ఆంగ్లేయుని నెత్తికి వెల చెల్లించిరి. ఇరువురు రాజుల జూదములో పణము మిక్‌మాకు. ఫ్రెంచివారిని విడిచినచో తుపాకిమందు లేదు. ఆంగ్లేయులతో పోరినచో ఆడువారికిని పిల్లలకును అడవిలో రక్షణ లేదు. ఇట్టి యిఱుకున నున్న నాయకుడు సంధికి నడచుట పిఱికితనమందుమా?

ఆతడు సమయ మెఱిగినవాడు. 1752 జులై నెలలో కారన్వాలీసు నెత్తివెల ప్రకటనను నిలిపివేసెను. ఆగస్టులో క్రొత్త గవర్నరు పెరెగ్రిను హాప్సను పని స్వీకరించెను. మృదువైన పద్ధతుల యందాసక్తి గలవాడు. మఱుసటి నెలలోనే కోపు హాలిఫాక్సు చేరెను. వేటకును చేపలు పట్టుటకును అడ్డుపెట్టమనియు, షుబెనకాడీ యొడ్డున భార్యాబిడ్డలతో కాపురముండినచో నా నేల జోలికి ఎవ్వరును రారనియు సభవారాతనికి మాట యిచ్చిరి. (ఆ షుబెనకాడీ చెంతనే 1930 మొదలు 1967 వఱకు, బిడ్డలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి మాతృభాష మాన్పించిన ప్రభుత్వపు వసతిపాఠశాల నడచినది. మాట యెట్లు నిలిచినదో పాఠకులూహింతురు గాక.) కోపు మరలిపోయి తనవారితో నాలోచించి, నవంబరులో ముగ్గురు ప్రతినిధులతో తిరిగివచ్చెను. 22వ తేదీన సంధిపత్రముపై సంతకములు పడినవి.

ఆ పత్రమును చదివినవారి కందలి నిబంధనలు చాల సామాన్యముగ దోచును. పూర్వపు సంధి స్థిరపఱుపబడినది. గడచిన యుద్ధపు చర్యలన్నియు యుద్ధపు గొడ్డలితోకూడ విస్మృతిలో పాతిపెట్టబడవలయును; గొడ్డలి పాతిపెట్టుట ఆ జనులలో సంధికి గుర్తు. తక్కిన మిక్‌మాకు సమూహములను సంధికి దెచ్చుటకు కోపు పాటుపడవలయును. ఎప్పటివలె వేటాడుటకును చేపలు పట్టుటకును వారికి సంపూర్ణస్వేచ్ఛ గలదు. కోరినచో షుబెనకాడీలో బేరపుకొట్టు పెట్టింతురు. చర్మములు, ఈకలు, పక్షులు, చేపలు హాలిఫాక్సునగాని మఱియేయూరనుగాని తమకు లాభమైన రీతిని అమ్ముకొనవచ్చును. అర్ధసంవత్సరమునకొకసారి రొట్టె, పిండి మున్నగు సంభారము లిత్తురు. ఏటేట అక్టోబరు 1వ తేదీన వారు హాలిఫాక్సునకు వచ్చి కానుకలందుకొని స్నేహమును నూతనపఱచుకొనవలయును. ఓడ పగిలి తీరము చేరిన నావికులను వారు కాపాడవలయును. తగవు పుట్టినచో రాజు న్యాయస్థానములలో తక్కిన ప్రజలతో సమానముగ విచారణ జరుగును.

ఇందేమున్నదని యడుగువారుందురు. ఇందు లేనిదేమో ముందు చూడవలయును. భూమి నిచ్చివేసితిమను మాట యీ పత్రమున నెచ్చటను లేదు. అటుపిమ్మట కెనడా పడమటిసీమల నాయకులచే వ్రాయించుకొన్న పత్రములలో భూత్యాగపు వాక్యము ప్రధానము. కోపు పత్రమున నది లేదు. నేలవెల యీయమన్న కోరిక నెగ్గలేదు, నిజమే. కాని వెల యీయనివాడు నేల పొందినట్లు వ్రాసికొనను లేదు. ‘ఎప్పటివలె’ యను నొక్కమాటను చూడుడు. రాజు కరుణించి యిచ్చిన స్వేచ్ఛ కాదు. ముందునుండి యున్నది, ఇకముందు నుండునది. పూర్వపు సంధి పేరిట ‘లోబడుట’ యను మాట మొదటి నిబంధనలో ప్రవేశించినది. దానిని దాచుట న్యాయము కాదు. అయినను గినీలకు తల లమ్ముడైన మూడేండ్లకే, ఆ తలలవారు వచ్చి పోవుటకు ఏటికొక దినము నేర్పఱచి కానుకలు సిద్ధము చేయుదుమని గవర్నరే వ్రాసి యిచ్చుట సామాన్యమైన మార్పు కాదు.

సంధి యేల చెడెను? తక్కిన సకమావులలో చాలమంది కోపును వెంబడింపలేదు. లె లూట్రు విరోధించెను. లూయీబుర్గులో కోపము రగిలెను. ఇంతలో 1753 వసంతమున ఆంగ్లేయు లిద్దఱు కొన్ని మిక్‌మాకు నెత్తిచర్మములతో హాలిఫాక్సు చేరిరి. తమ్ము బంధించినవారిని చంపి తప్పించుకొని వచ్చితిమని వారు వాఙ్మూలమిచ్చిరి. మిక్‌మాకులు చెప్పిన కథ వేఱు: ఆ యోడవారు తమ సంభారములను దోచిరి, పిదప వారి యోడ పగిలెను, బ్రదికిన యిద్దఱిని తాము చేరదీసి యన్నము పెట్టితిమి, వారు నిద్రించువారిని చంపి పోయిరి. చచ్చినవారిలో స్త్రీలును శిశువులును గలరు. పగిలిన యోడ నావికులను కాపాడవలయునను సంధివాక్యమును పాఠకులు జ్ఞప్తి యందుంచుకొందురు గాక.

ప్రతీకారము మే మాసమున జరిగెను. సంభారములు చేరవేయుటకు పడవ పంపుడని కోరగా హాలిఫాక్సునుండి జెడ్డోరు రేవునకు పడవ వచ్చెను. దానిలోనివారు పట్టుబడి చంపబడిరి. ఆంథోనీ కాస్టీలను దుబాసీ యొక్కడు తాను ఫ్రెంచివాడనని చెప్పి బ్రదికి, షుబెనకాడీ మీదుగ లూయీబుర్గు చేరి, విడుదలయై యా కథను వ్రాసెను. సంధిపత్రమును తన యెదుటనే నిప్పులో వేసి, ఆంగ్లేయులతో మేము చేయు సంధి యిట్టిదని పలికిరని యాతని వ్రాత.

జెడ్డోరులో జరిగిన దానిని మేము సమర్థింపము. సంధినీడకు పిలిచి చంపుట యే జాతివారు చేసినను పాతకమే. కాని యొక్క ప్రశ్న యడుగక తప్పదు. తగవు పుట్టినచో న్యాయస్థానమున సమానవిచారణ యని వ్రాసిరి గదా! నెత్తిచర్మములు చేతబట్టుకొని వచ్చిన యా యిద్దఱి కథను విన్నది సభ. చచ్చినవారి బంధువుల కథను వినుటకు పీఠమేది? సంధిలోని యే నిబంధన ముందుగ భగ్నమైనదో లెక్కించునపుడు జెడ్డోరునుండి మొదలుపెట్టువారు ఒక మాసము ఆలస్యముగ మొదలుపెట్టుచున్నారు.

ఆ యేడే లూయీబుర్గులోని ఫ్రెంచి యధికారియొకడు కోపును చెడ్డ మిక్‌మాకనియు, ఇరుపక్షములవారికిని అనుమానపాత్రుడనియు వ్రాసెను. నిందగా వ్రాసినది, మాకు యోగ్యతాపత్రముగ దోచుచున్నది. పారిసు చెప్పినట్లు పోరక, లండను చెప్పినట్లు లోబడక, తనవారి కేది క్షేమమో దానినే చూచినవాడు ఇరువురకును అనుమానపాత్రుడు కాక మఱేమగును?

పిదప జరిగినది శీఘ్రముగ చెప్పవచ్చును. 1755లో అకాడియా ఫ్రెంచి రైతులను వేలకొలది ఓడల కెక్కించి దేశాంతరము పంపిరి. 1756లో గవర్నరు చార్లెసు లారెన్సు నెత్తివెలను మఱల ప్రకటించెను. 1758 జులైలో లూయీబుర్గు పడిపోయెను. అదే ఫ్రెంచి ఆంగ్లేయ యుద్ధము అదే సంవత్సరము డిసెంబరులో మన చందుర్తి పొలములకు వచ్చినది. 1759 ఏప్రిలులో మచిలీపట్టణము ఫ్రెంచివారి చేజాఱినది. లూయీబుర్గును మచిలీపట్టణమును ఒక్క చదరంగపుబల్లపై గడులు. 1763లో ముగింపు వ్రాసినది మఱల పారిసులోనే. కోపు ఆ ముగింపును చూడలేదు. 1758, 1760ల నడుమ నాతడు గతించెను. 1760 మార్చి 10వ తేదీన షుబెనకాడీవారి పక్షమున క్లాడు రెనె సంధిపై సంతకము చేసెను. 1761 జూను 25న హాలిఫాక్సులో గవర్నరు తోటయందు గొడ్డలిని నిజముగనే మంట త్రవ్వి పాతిపెట్టిరి.

కోపు పత్రము దగ్ధమైనదని కాస్టీలు వ్రాసెను గదా. దగ్ధమైనది మిక్‌మాకుల చేతిలోని ప్రతి. హాలిఫాక్సు దస్త్రములలోని ప్రతి యట్లే యుండెను. జ్ఞాపకమును ఏ నిప్పును కాల్చలేదు. తాతలు మనుమలకు చెప్పుచు వచ్చిరి. 1927లో మిక్‌మాకుల మహానాయకుడు గేబ్రియలు సిలిబాయిని, వేటకు నిషేధకాలమున బొచ్చుచర్మములుంచుకొనెనని పట్టుకొనిరి. నాకు 1752 సంధి గలదని యాతడు న్యాయస్థానమున నిలువబడెను. 1928లో జిల్లా న్యాయాధిపతి దానిని త్రోసివేసెను. ఆ సంధి యాతని కేప్ బ్రెటను ప్రాంతమునకు వర్తింపదనుట యొక కారణము. అంతకంటె ఘోరమైనది రెండవది. అనాగరకులున్న దేశమును కనుగొనిన నాగరకజాతి దానిని తనదిగనే యుంచుకొనును, అట్టివారితో జరిగినది సంధి యనిపించుకొనదని యాతని తీర్పు. 1749లో ఓడమీద చేసిన తీర్మానమే నూటడెబ్బదితొమ్మిదేండ్లకు న్యాయపీఠమునుండి వినబడెను!

1980లో కోపు వంశభూమియైన షుబెనకాడీ సమూహమునకు జెందిన వేటగాడొకడు తుపాకితోను తూటాలతోను పట్టుబడెను. సైమన్ అభియోగమని న్యాయశాస్త్రమున ప్రసిద్ధమైన యీ వ్యవహారము కెనడా సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయెను. 1753లో పోరాటము మఱల మొదలైనందున సంధి యెన్నడో చచ్చినదని ప్రభుత్వపక్షము వాదించెను. 1985 నవంబరు 21న ప్రధాన న్యాయాధిపతి బ్రయను డిక్సను తీర్పు చెప్పెను. సంధి చచ్చినదనువారే దానిని ఋజువుచేయవలయును. అట్టి ఋజువు లేదు. నాడు సంతకము చేసినవారి వంశీయుడవేనని కాగితముతో నిరూపింపుమని లిఖితదస్త్రములు లేని జనులను నిర్బంధించినచో సంధి వట్టిదగును. వేటాడు హక్కున్నచో వేటసాధనము వెంటగొనిపోవు హక్కును గలదు. 1928నాటి తీర్పులోని భాష గతించిన యుగపు దురభిమానమును చూపునదేగాని నేటి న్యాయము కాదు. 1752 నాటి పత్రము జీవించియున్న సంధి. ఆతనిని నిర్దోషిగా విడిచిరి. 1964లో మరణించిన సిలిబాయికి 2017లో నోవాస్కోషియా ప్రభుత్వము క్షమాపణతో నిర్దోషిత్వము ప్రసాదించెను. మహానాయకునికి దానిని వినుభాగ్యము లేకపోయెను.

కార్యమంతయు నెఱవేఱినదని యనము. 1999లో సర్వోన్నత న్యాయస్థానము 1760, 1761 సంధులనుబట్టి మిక్‌మాకులు చేపలు పట్టి యమ్ముకొని మితమైన జీవనము గడపు హక్కు గలవారని చెప్పినది. ఆ మితమెంత? ప్రభుత్వము దానిని తేల్పక యేండ్లు గడిపెను. 2020 సెప్టెంబరు 17న సిపెక్నెకాటిక్ వారు, అనగా ఆ షుబెనకాడీ జనులే, లాబ్‌స్టరనబడు పెద్ద సముద్రపురొయ్యలను పట్టుటకు తామే యనుమతిపత్రములిచ్చుకొని పడవలు దించిరి. స్థానికులైన యితర బెస్తలు గుంపులుగా నెదిరించిరి. అక్టోబరులో మిక్‌మాకుల సరకు నిలువయుంచిన గిడ్డంగియొకటి రాత్రివేళ తగులబడెను.

హాలిఫాక్సులో 1931లో నిలిపిన కారన్వాలీసు విగ్రహమును 2018 జనవరి 31న పీఠమునుండి దింపిరి. 2021లో ఆ తోటకు శాంతిస్నేహవనమని పేరు మార్చిరి. 1986 మొదలుకొని మిక్‌మాకులు ఏటేట అక్టోబరు 1వ తేదీని సంధిదినముగా హాలిఫాక్సులో జరుపుకొనుచున్నారు. ఆ తేదీ సంధిపత్రములో వ్రాయబడినది. ఓడమీద సభ కూడిన తేదీయు నదియే. పత్రములోని రొట్టె, పిండి, బేరపుకొట్టు, వేట, చేపలు వీని కన్నింటికిని నిబంధనలు కలవు. 1752 సెప్టెంబరు 14న కోపు మొదట నడిగిన నేలవెలకు మాత్రము అందు వాక్యము లేదు.